తాగని మనిషి లివరు

మా మామ పోయాడని పాపారపట్టి నుంచి ఫోను వచ్చింది. అమ్మకు తమ్ముడు. నాకు సైకిలు తొక్కడమూ, తగవు పెట్టుకోవడమూ నేర్పినవాడు. ఏమైందని అడిగితే అవతలి బంధువు గొంతు తగ్గించి, "లివరు పోయిండాదప్పా, తెలుసు గదా..." అన్నాడు. ఏం తెలుసు? అయ్యా, మీకేం తెలుసు?

మామ కారిమంగళం సంతలో గోనె పరుచుకుని చింతపండు అమ్మేవాడు. బేరానికి ముందే ప్రతివాళ్ళకూ చిటికెడు రుచి చూపేవాడు. "నోట్లో ఏసుకోకుండా పులుపు మాట చెప్పగూడదమ్మా" అనేవాడు. జన్మలో సారా ముట్టలేదు. పెళ్ళిళ్ళలో బావమరదులు ఎగతాళి చేస్తే, "నాకు చింతపండు వాసనకే మత్తెక్కుతాది పోండ్రా" అని నవ్వేవాడు.

చిన్నప్పుడు జ్వరమొచ్చి కీళ్ళు వాచాయట. ఆ జ్వరమే గుండె కవాటాలను పాడుచేసిందని ఇంట్లో ఎవరికీ తెలియదు. నలభై దాటాక ఆయాసం మొదలైంది. గోడకానుకుని కూర్చునే నిద్రపోయేవాడు. మెడ నరం ఎగిరెగిరి పడేది. "చూడరా అల్లుడా, నా మెడలో తొండ కాపరముండాది" అనేవాడు. తర్వాత కాళ్ళు వాచాయి, పొట్ట ఉబ్బింది, కళ్ళు పచ్చబడ్డాయి.

అంతే, ఊరు తీర్పు చెప్పేసింది. క్లినిక్ డాక్టరు కుర్చీలోంచి లేవనైనా లేవకుండా "తాగడం మానెయ్" అన్నాడు.

"నేను తాగను సార్."

"అందరూ చెప్పేదే అది."

అత్త దేవుడి మీద ఒట్టేసింది. ఆయన పెన్ను ఆగలేదు.

చివరికి ధర్మపురిలో ఒక డాక్టరమ్మ మామ కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టింది. నన్ను పిలిచి నా అరచేతినీ అక్కడ పెట్టించింది. లివరు కొట్టుకుంటోంది! గుండె కొట్టుకున్నప్పుడల్లా నా చేతికింద ఉబ్బి తగ్గుతోంది. గుండెలో కుడివైపు కవాటం సరిగా మూసుకోక నెత్తురు వెనక్కి తన్నుతోందని, మెడలో ఎగిరేదీ అదేనని చెప్పింది. "రోగం గుండెది. దెబ్బలు తినేది లివరు. ముందే వచ్చి ఉంటే ఆపరేషన్ చేసేవాళ్ళు. ఇప్పుడు ఒళ్ళు తట్టుకోదు."

మామ అడిగింది బతుకు గురించి కాదు. "తల్లీ, తాగుడుతో కాదని గట్టిగా చెప్పు. మాయన్న వాకిట్లో ఉండాడు, ఆయన వినాల." ఆమె వాకిట్లోకి వెళ్ళి చెప్పింది. పెద్దమామ తల ఊపాడు.

తాగలేదు కాబట్టి మంచివాడని నేను రాయడం లేదు. తాగినవాడే అయితే మాత్రం? అతని పొట్ట మీద చెయ్యి పెట్టి చూడకూడదా? సర్కారు వీధి వీధినా బ్రాందీ అంగడి తెరుస్తుంది. పేదవాడి కళ్ళు పచ్చబడితే ఆ బ్రాందీ పేరే చెప్పి ఇంటికి తరిమేస్తారు. నీతులు చెప్పడం వైద్యం ఎప్పుడైంది?

కర్మ రోజున, పోయినవాళ్ళకు ఇష్టమైనవి ఆకులో వడ్డించి కాకిని పిలవడం మా ఆచారం. అత్త రాగి సంగటి, చింతచిగురు పప్పు, వడలు పెట్టింది. పెద్దమామ కళ్ళు తుడుచుకుంటూ సంచిలోంచి బ్రాందీ సీసా తీసి, మూత విప్పి, కాస్త ఒలికినా చూసుకోకుండా ఆకు మీద నిలబెట్టాడు. ప్రేమతోనే. "పోయినోనికి ఇంగేం దాపరికమమ్మా" అన్నాడు.

నేను అరవబోయాను. అత్త చెయ్యెత్తి ఆపింది.

"బావా, నీ తమ్ముడు బతికినన్నాళ్ళూ చెప్తానే ఉండె. సచ్చినాక గూడా చెప్పల్నా?"

సీసా తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆకు మీద సీసా అడుగు మేర గుండ్రంగా తడి మిగిలింది. అత్త వంగి దాన్ని కొంగుతో తుడిచింది. ఆ తర్వాతే కాకిని పిలిచింది.