పంజరానికి కుట్టిన చొక్కా

కోడలికి తెలిసిన వైద్యం ఒక్కటే. ఏ వస్తువు మీద బెంగ కలిగినా దానికో గుడ్డ కుట్టి తొడగడం. ఆ ఇంట్లో మిక్సీకి గౌనుంది, టీవీకి దుప్పటుంది, గ్యాసు సిలిండరుకు కుచ్చుల లంగా ఉంది. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే తనకీ ఏదో ఒకటి తొడిగేస్తుందనే భయంతోనే ఆమె మొగుడు పొద్దున్నే కరెంటు పనులకు బయల్దేరిపోతాడని వీధిలోవాళ్లు మేలమాడతారు. అత్తగారు చిలుకపిల్లను వెంటబెట్టుకుని ఇంట్లో దిగినప్పుడు కూడా కోడలు ముందుగా టేపు తీసి పంజరాన్ని కొలిచింది.

అత్తగారిది పిండిమర. భర్త పోయాక ఒంటిచేత్తో నడిపింది. తొట్టిలో గింజలు పోసేదీ ఆవిడే, బెల్టు తెగితే తిట్టుకుంటూ అతికించేదీ ఆవిడే. ఏళ్ల తరబడి పీల్చిన పిండిదుమ్ము ఊరుకుంటుందా, దగ్గు ముదిరింది. మర మానకపోతే మనిషి దక్కదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. దాంతో మరను ఇంకొకాయనకు అప్పజెప్పి కొడుకు దగ్గరికి వచ్చేసింది. తెచ్చుకున్నదల్లా ఓ ట్రంకుపెట్టె, ఈ చిలుకపిల్ల. ఒంటిమీద ఈకలైనా రాకముందే ఎవరో ఇచ్చిపోతే, తొట్టి పక్కన అట్టపెట్టెలో పెట్టుకుని చెంచాతో జావ పట్టి పెంచింది. ఆ పిల్ల ఇప్పుడిప్పుడే గింజలు కొరకడం నేర్చుకుంటోంది.

కొత్తచోట పిట్ట బెదురుతుందనీ, కొన్నాళ్లు చప్పుడు కాకుండా చూసుకోమనీ పక్షుల దుకాణంలో కోడలికి చెప్పారు. అంతే, ఇల్లంతా గప్‌చుప్. తలుపు బందులకు నూనె పడింది. కారే కుళాయికి గుడ్డపేలిక కట్టింది. లోపలి గదిలో గోడ వారగా పంజరం పెట్టి, దానికి అస్తరు వేసి, మూలలకు పైపింగు పెట్టి, ముందువైపు గుండీలతో మందపాటి ముసుగు కుట్టింది. "జేబు మర్చిపోయావే," అన్నాడు మొగుడు. ఆఖరికి తన తొక్కుడు మిషనుకు కూడా సెలవిచ్చి, ఒప్పుకున్న బట్టలకు చేత్తోనే అంచులు కుట్టుకుంటూ కూర్చుంది.

ఇంత చేసినా చిలుక ఈకలు ఉబ్బించుకుని కమ్మీ చివర ముడుచుకు కూర్చుంది తప్ప గింజ ముట్టలేదు. జావ చెంచా దగ్గరికి తెస్తే మొహం తిప్పేసుకునేది. గొంతు కిందటి తిండి సంచి ఖాళీగా వేలాడుతోంది. అదే గదిలో మంచం మీద అత్తగారి వరసా అంతే. ఏదో కతికాననిపించి కంచం పక్కకు నెట్టేది. మధ్యాహ్నం కునుకు పట్టేది కాదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏదో వినడానికి ప్రయత్నిస్తున్నట్టు నిటారుగా కూర్చునేది. పాపం అలిసిపోయిన ప్రాణమని కోడలు వీధివైపు కిటికీ కూడా మూసేసింది.

"అమ్మాయ్, వీడికి ఇక్కడ పడటం లేదే," అంది అత్తగారు ఒకరోజు.

"కొత్త కదా అత్తయ్యా, అలవాటవుతుందిలెండి."

"అలవాటయ్యేదాకా బతకాలిగా. రేపు సాయంత్రం మమ్మల్ని మర దగ్గర దింపెయ్యమని మీ ఆయనకు చెప్పు. వెనక గది ఖాళీగానే ఉందట."

"మరి దగ్గో?"

"దగ్గు నాకేమన్నా కొత్తా?"

కోడలు సూది పక్కన పెట్టేసింది. కాపురానికి వచ్చిన కొత్తలో చిరుగులు కుట్టడం తప్ప ఆమెకేమీ రాదు. ఆ కుట్టు ఒక్కసారి చూసి, ఎవరికీ చెప్పకుండా మిషను కొనుక్కొచ్చి గుమ్మంలో దింపింది ఈ అత్తగారే. కన్నతల్లి దగ్గర కూడా ఆమెకు అంత చనువు లేదు. అలాంటి మనిషి మళ్లీ ఆ దుమ్ములోకి పోతానంటోంది, అదీ తన ఇంట్లో ఓ చిలుకపిల్ల తిండి తినలేదని.

మర్నాడు ట్రంకుపెట్టె వరండాలోకి వచ్చేసింది. మధ్యాహ్నం పక్కవీధి నర్సు పరుగున వచ్చింది.

"అక్కా, కోటు పక్క కుట్టంతా ఊడిపోయింది. డ్యూటీకి టైమైపోతోంది!"

"కూర్చో, చేత్తో వేసిస్తా."

"చేత్తోనా? నా బస్సు వెళ్లిపోద్ది. మిషనుకేం రోగం?"

"మిషనుకు కాదమ్మా, చిలక్కి."

నర్సు మొహం చూస్తే జాలేసింది. ఎలాగూ వెళ్లిపోయే పిట్టేగా అని కూడా అనిపించింది. కోడలు మిషను ముసుగు తీసి కాలు వేసింది. గడగడమని చక్రం తిరిగింది. కుట్టు సగంలో ఉండగా లోపల్నుంచి అత్తగారు కేక పెట్టింది. ఏమైందోనని కోడలు కాలు తీసింది.

"ఆపకు! ఆపకే అమ్మాయ్, తొక్కు!"

తొక్కుతూనే మెడ చాచి లోపలికి చూసింది. ముసుగు గుండీలు విప్పి ఉన్నాయి. చిలుకపిల్ల కమ్మీ ఈ చివరికి వచ్చేసి, తల పైకీ కిందికీ ఊపుతూ, నోరు తెరిచి తిండికోసం అరుస్తోంది. అత్తగారు జావ పడుతుంటే చెంచాను కూడా కొరికేలా ఉంది.

"పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వీడి చెవి పక్కన మర తిరిగింది," అంది అత్తగారు, నవ్వో దగ్గో తెలియకుండా. "ఆ హోరు ఆగిందంటే బెల్టు తెగిందనో, కరెంటు పోయిందనో లెక్క. మాకు భయం వేసేది అప్పుడే."

నర్సు కోటు తొడుక్కుంటూ బస్సుకు పరిగెత్తింది. కోడలు మాత్రం అక్కడే కూర్చుండిపోయింది. ఇన్నాళ్లూ ఆ గదిలో చెవులు రిక్కించుకుని కూర్చున్నది చిలుక ఒక్కటే కాదని తట్టి, తన తెలివికి తనకే ఏడుపొచ్చింది. లేచి పంజరానికి వేసిన చొక్కా విప్పేసింది. పంజరాన్నీ అత్తగారి మంచాన్నీ ముందుగదిలోకి లాక్కొచ్చి మిషను పక్కన వేసింది. ఆ చొక్కానే ముక్కలుగా కత్తిరించి మసిగుడ్డలు కుట్టడం మొదలుపెట్టింది. అత్తగారు అడిగి మరీ అన్నం పెట్టించుకుని, కంచం ఖాళీ చేసి, అలాగే ఒరిగి నోరు తెరుచుకుని నిద్రపోయింది. చిలుక ఒంటికాలి మీద కునికింది.

సాయంత్రం మొగుడు ఆటో తీసుకుని వచ్చాడు. గుమ్మంలో ఆగి, ఏం కుడుతున్నావని చేత్తో సైగ చేశాడు. మసిగుడ్డలు ఎప్పుడో పూర్తయ్యాయి. సూదిలో దారం లేదు, దాని కింద గుడ్డా లేదు. కోడలి పిక్కలు పట్టేస్తున్నాయి. ట్రంకుపెట్టె లోపల పెట్టేయమని కళ్లతోనే చెప్పి, ఆమె తొక్కుతూనే ఉంది.