బీరువాలో మూడు ట్రిప్పర్లు

మా బావ కరెంటు పనివాడు. ఊళ్లో సగం ఇళ్లకు ఆయన లాగిన తీగలే. ఎవరింటికి వెళ్లినా "బాగున్నారా" అనడు. ముందు కుళాయి మీద వేలు వేసి, "ఇది ఎప్పుడైనా జివ్వుమంటుందా?" అని అడుగుతాడు. ఆయన పలకరింపు అదే.

నేను కరెంటు ఆఫీసు స్టోర్సులో కౌంటరు గుమాస్తాని. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ పూజారిని నేను.

ఆ ఏడు సరుకు రావడం ఆగిపోయింది. మీటర్లు లేవు, మెయిన్ స్విచ్చులు లేవు. అన్నిటికన్నా ముఖ్యంగా ట్రిప్పర్లు లేవు. మనిషికి షాకు కొట్టగానే తనంతట తాను పడిపోయి కరెంటు ఆపేసే మీట అది. బజారులో దొరికేవి పేరుకే ట్రిప్పర్లు. మనిషి పడిపోయినా అవి పడవు. అందుకే బావ మా స్టోర్సు సరుకు తప్ప ముట్టడు.

పనివాళ్లంతా కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఖాళీగా ఉన్న ఇంట్లో ట్రిప్పర్ విప్పి జనం ఉన్న ఇంట్లో బిగించడం, సరుకు వచ్చాక ఎవరిది వాళ్లకు పెట్టేయడం. దానికి 'చేబదులు' అని పేరు. కొన్నాళ్లకు విప్పడానికి ఖాళీ ఇళ్లు కూడా మిగల్లేదు.

అప్పుడే వెనక వీధిలో ఒక ఇంటి గోడలు చెమ్మపట్టి షాకు కొట్టడం మొదలుపెట్టాయి. బావ నా దగ్గరకు వచ్చాడు.

"ఒక్కటి చాలురా. ముగ్గురు పసిపిల్లలున్న ఇల్లు."

"స్టాకు లేదు బావా."

అబద్ధం. నా వెనక బీరువాలో మూడున్నాయి. పెద్ద అధికారుల కొత్త క్వార్టర్ల కోసం ప్రత్యేకంగా వచ్చినవి, అట్టిపెట్టమని ఇంజినీరుగారి ఆజ్ఞ. ఆ క్వార్టర్లకు అప్పటికి పైకప్పు కూడా పడలేదు. అయినా నేను తాళం తియ్యలేదు. ఉద్యోగం పోతుందని భయం, అంతకు మించి ఏమీ లేదు.

బావ నేరుగా ఇంటికి పోయి తన బోర్డులోని ట్రిప్పర్ విప్పి వెనక వీధిలో బిగించి వచ్చాడు. సొంతింటికి ట్రిప్పర్ లేకుండానే తీగలు డైరెక్టుగా కలిపేశాడు. బోర్డులో ఖాళీ చూసి మా అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. తమరు ఇల్లు విప్పి రచ్చకు ఇచ్చొచ్చారన్నమాట."

"నాలుగు రోజులే. ఈలోగా నేనున్నాగా, నేనే నీ ట్రిప్పర్ని."

సరసంగా అన్నా దాన్ని నియమంగా నడిపించాడు. వాషింగ్ మిషను వెయ్యాలంటే అక్క ఆయన్ని పిలవాలి. ఆయన టెస్టరు మిషనుకు ఆనించి, అందులో దీపం వెలగకపోతే "ఊ, ముట్టుకో" అనాలి. ఎక్కడ పనిలో ఉన్నా వచ్చేవాడు. "పెళ్లయిన ఇరవై ఏళ్లకు పిలిస్తే పలుకుతున్నాడు మా ఆయన" అని అక్క నాతో చెప్పి నవ్వేది. నాలుగు రోజులన్నది రెండు నెలలైంది.

ఒక పొద్దున స్టోర్సుకు లారీ వచ్చింది. పెట్టెలు చూసి ట్రిప్పర్లే అనుకుని బావకు నేనే ఫోన్ చేశాను. ఆయన పరుగున వచ్చాడు. విప్పితే వీధిదీపాల బల్బులు. "అడుగు పెట్టెల్లో ఉన్నాయేమో చూడరా" అంటూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. నేను బీరువాకు వీపు ఆనించి పెట్టె తర్వాత పెట్టె విప్పుతూ కూర్చున్నాను.

ఇంట్లో అక్క చూసి చూసి, ఎండ పోతుందని మిషను తానే వేసుకుంది. తడి చేత్తో మూత ఎత్తింది. నా కౌంటరు ముందు కూర్చున్న బావకు పక్కింటావిడ ఫోన్ వచ్చింది. మేం వెళ్లేసరికి అక్క లేదు.

విచారణకు వచ్చినవాళ్లు 'ట్రిప్పర్‌ను ఇంటి యజమానే తొలగించాడు' అని రాశారు. కింద ఆ ఇంటికి వైరింగు చేసిన పనివాడి సంతకం కావాలన్నారు. బావ పెట్టాడు. వెనక వీధి ఇల్లాలు ఏడుస్తూ వచ్చి ట్రిప్పర్ తీసుకెళ్లమంటే, "అక్కడే ఉండనీ అమ్మా" అన్నాడు.

పదిహేను రోజులకు ఇంజినీరుగారికి జాలి కలిగింది. "పాపం, మీ బావకు బీరువాలోది ఒకటి ఇచ్చెయ్." చేతులు కాలాక ఆకులు. ఆ ఆకులు మోసుకెళ్లవలసినవాణ్ని నేను.

బావ గడప మీద కూర్చుని ఉన్నాడు. ట్రిప్పర్ అందుకుని వెనకవైపు తిప్పి చూశాడు. స్టోర్సుకు వచ్చిన ప్రతి వస్తువు మీదా వచ్చిన తేదీ రాసి చీటీ అంటించడం నా పని. దాన్ని పీకెయ్యాలని నాకు తట్టనేలేదు. ఆ తేదీ, ఆయన నా దగ్గరకు వచ్చి ఒక్కటి చాలన్న రోజుకు వారం ముందుది.

ఆయన ఆ తేదీ చదివాడు. తిడతాడేమోనని ఆశపడ్డాను. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ని.

"నీ అక్షరాలేగా ఇవి" అన్నాడు.

"అవును బావా."

"గుండ్రంగా ఉంటాయి. మీ అక్క దిద్దించింది కదూ."

లేచి వెళ్లి బోర్డులో బిగించాడు. పనిచేస్తోందో లేదో చూసే బొత్తాం నొక్కాడు. మీట ఠక్కున పడింది, ఫ్యాను ఆగింది. పైకెత్తి మళ్లీ నొక్కాడు. మళ్లీ పడింది. నేను వీధి మలుపు తిరిగేదాకా ఆ చప్పుడు వినబడుతూనే ఉంది.