పచ్చిపులుసులో హెడ్‌లైటు గార్డు

మా బంధువుల్లో ఎవరింట్లో పెళ్లయినా, భోజనాలయ్యాక వక్కపొడి నములుతూ మా తమ్ముడు ఒక కథ ఎత్తుకుంటాడు. "మా అక్క యుద్ధ ట్యాంకును చింతపండేసి తోమింది" అని మొదలుపెడతాడు. అందరూ కడుపులు పట్టుకుని నవ్వుతారు. కొత్తగా వచ్చిన కోడళ్లు నావైపు జాలిగా చూస్తారు. ఇన్నేళ్లూ విన్నాను, ఇక ఊరుకునేది లేదు. అది ట్యాంకు కాదు, ట్యాంకు బొమ్మకు అతికించే ఇత్తడి రేకు. నేను దాన్ని తోమలేదు, నానబెట్టాను. అలా నానబెట్టబట్టే ఆ బొమ్మ ఈనాటికీ రంగు చెదరకుండా ఉంది. ఇంకో సంగతి వాడు ఎప్పుడూ చెప్పడు. ఆ రోజు పచ్చిపులుసు అందరికంటే ముందు జుర్రుకున్నది వాడే.

మిస్డ్ కాల్ ఇచ్చి క్షేమ సమాచారాలు తెలుసుకునే రోజులవి. మాది బల్మూరు దగ్గర పల్లె. వనపర్తిలో డిగ్రీ చదివి, గద్వాలలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరాను. ఆ ఊళ్లోనే ఉన్న మా చిన్నాయన ఇంట్లో నేనూ, ఇంటర్ చదువుతున్న తమ్ముడూ ఉండేవాళ్లం. చిన్నాయన ఫౌజీ. పట్టాళంలో ట్యాంకు తోలి, పెన్షన్ మీద ఇంటికొచ్చినవాడు. కూరగాయల సంచి పట్టుకుని నడిచినా కవాతు చేస్తున్నట్టే ఉండేది. వీధిలో ఎవరు దొరికినా ఒక మాట మాత్రం చెప్పకుండా వదిలేవాడు కాదు. "పదకొండేండ్లు తోలిన. నా బండికి ఒక్క గీత పడనియ్యలే!" లోపలి నుంచి చిన్నమ్మ వెంటనే అందుకునేది. "మరి మొన్న గేటుకు స్కూటర్ గుద్దింది ఎవరయ్యా?" "స్కూటర్ వేరే ముచ్చట" అనేవాడు చిన్నాయన, మీసం దువ్వుకుంటూ.

ఆయన ట్యాంకులోనే గన్ను పేల్చిన సర్దార్‌జీ ఒకాయన ఉండేవాడట. ఇద్దరూ ఆ ఇనుప డబ్బాలో ఎన్నో ఏళ్లు ఒకే సీసాలో నీళ్లు తాగారట. పట్టాళం విడిచాక మళ్లీ కలవలేదు. ఒకనాడు ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. బెంగళూరులో కొడుకును చూసి తిరిగి వెళ్తూ గద్వాలలో దిగుతానని, ఫలానా శుక్రవారం వస్తానని. చిన్నాయన ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివి, సికింద్రాబాదు వెళ్లి ఒక డబ్బా పట్టుకొచ్చాడు. తెరిస్తే ఆకుపచ్చ ప్లాస్టిక్కు ముక్కలు. అన్నీ అతికిస్తే మూరెడు లేని ట్యాంకు అవుతుంది, అదీ ఆయన తోలిన రకమే. "సర్దార్ రాంగనే వాని చేతుల పెట్టి చూపియ్యాలె బిడ్డా. గిన్నేండ్లాయె, మాటలు ఏడికెళ్లి మొదలువెట్టాల్నో నాకు తెల్వది" అన్నాడు. ఆయన గొంతు అంత మెత్తగా ఉండగలదని నాకు అప్పుడే తెలిసింది.

ప్లాస్టిక్కు ముక్కలన్నీ ఆయనే అతికించాడు. చిక్కంతా డబ్బా అడుగున ఉన్న ఇత్తడి రేకుతో వచ్చింది. పేకముక్కంత రేకు, కాగితమంత పలచన. ఫ్యాక్టరీలోనే అచ్చువేసి మందులో ముంచితే అక్కర్లేని చోటంతా మందు తినేసి, మిగిలిన రేకులో సన్నని భాగాలు ఏర్పడతాయి. ఇంజను మీది జాలీ, పలుగు పారలు కట్టే పట్టీలు, హెడ్‌లైట్ల ముందుండే గార్డులు, అన్నీ చీమ కాళ్లంత. ఒక్కో భాగాన్ని కోసి, వంచి, అతికించాలి. చిన్నాయన కుడిచేతి రెండు వేళ్ల మీద ఒకప్పుడు ట్యాంకు మూత పడింది, వాటికి స్పర్శ లేదు. మూడు రోజులు తంటాలుపడి, రేకు తెచ్చి నా ముందు పెట్టాడు.

"బొద్దింక మూతి ఊడదీసినోళ్లకు గిదెంత పని?"

(ఈ మాట వివరించకపోతే నా గౌరవానికి భంగం. జువాలజీ ప్రాక్టికల్స్‌లో బొద్దింక నోటి భాగాలు ఒక్కటీ తెగకుండా తీసి, గాజుపలక మీద వరుసగా పేర్చాలి. మా బ్యాచ్‌లో ఏ భాగమూ పోగొట్టకుండా పేర్చింది నేనొక్కదాన్నే. ఇది నేను చెప్పుకోకపోతే చెప్పేవాళ్లెవరూ లేరు.)

బడి వదలగానే ఇంటికొచ్చి, కనుబొమ్మల ప్లక్కరూ, గోళ్ల కత్తెరా, దబ్బనమూ ముందేసుకుని కూర్చునేదాన్ని. ఊపిరి వదిలితే ముక్క ఎగిరిపోయేది. ఒకసారి సూపర్ గ్లూతో ప్లక్కరుకూ నా బొటనవేలికీ సంబంధం కుదిరి, దాన్ని అలాగే పట్టుకుని ఆరో తరగతి ట్యూషన్ పిల్లలకు కిరణజన్య సంయోగక్రియ చెప్పాను. చిన్నాయన పక్కన స్టూలు వేసుకుని తనిఖీ చేసేవాడు. ఇంజను జాలీ వెంట్రుకవాసి వంకరగా ఉందని మూడుసార్లు పీకించాడు. "ఫౌజ్‌ల వంకర నడ్వది బిడ్డా." నాలుగోసారి అతికించాక చాలాసేపు చూసి, "ఏక్ నంబర్" అన్నాడు. యూనివర్సిటీ బంగారు పతకం ఇచ్చినా నాకు అంత గర్వం కలిగేది కాదు.

అయితే, రంగు వేసిన మర్నాడే జాలీ మీద గోరు తగిలి, పెచ్చులా ఊడి వచ్చింది. కింద ఇత్తడి పళ్లికిలించింది. డబ్బాలోని సూచనలు జపాను భాషలో ఉన్నాయి. చిన్నాయన ముఖం చూడలేకపోయాను. శుక్రవారానికి ఆరు రోజులే ఉన్నాయి. ఆలోచించాను. ఇత్తడికి జిడ్డు, చిలుము ఉంటే ఏదీ పట్టదు. మనింట్లో ఇత్తడి బిందెల చిలుము దేనితో వదులుతుంది? జాలీ మీద చింతపండు గుజ్జు పూసి, కాసేపాగి కడిగి మళ్లీ రంగు వేశాను. ఆరాక గోరుతో గీకినా కదల్లేదు! ఆదివారం పొద్దున్నే మిగిలిన రేకును స్టీలు గిన్నెలో చింతపండు నీళ్లలో వేసి, వంటగది గట్టు మీద పెట్టి, ట్యూషన్ పిల్లల దగ్గరికి వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. నా తప్పు అంతవరకే, ఒప్పుకుంటాను. మా పాలమూరు జిల్లాలో ఏ ఇంట్లోనైనా మధ్యాహ్నం ముందు గట్టు మీద నానుతున్న చింతపండు ఏమవుతుందో ఆలోచించకపోవడం డిగ్రీ చదివిన బుద్ధికి తగదు.

తిరిగొచ్చేసరికి అందరూ అన్నాల ముందు కూర్చున్నారు. గట్టు మీద గిన్నె లేదు.

"చిన్నమ్మా, గిన్నెల చింతపండు ఏమైంది?"

"ఏమైతది, పచ్చిపులుసు చేసిన. దాంట్ల ఏదో రేకు ఉండె, చింతపండు పాకిట్‌దేమో అనుకొని కిటికీల పారేసిన."

కిటికీ దగ్గరికి పరుగెత్తాను. రేకు కొంచెం వంగింది, కానీ ఉంది. అంచున సన్నని పోగుతో వేలాడాల్సిన రెండు హెడ్‌లైటు గార్డులు మాత్రం లేవు. చిన్నమ్మ చింతపండును శక్తికొద్దీ పిసికినట్టుంది.

"ఎవ్వరూ తినకుండ్రి!" అని అరిచాను. అప్పటికే తమ్ముడు పళ్లెంలోంచి చివరి చుక్క జుర్రుతున్నాడు. "అక్కా, ఏందే? ఉప్పు ఎక్కువైందా?" అన్నాడు. "ట్యాంకు లైట్ల గార్డులున్నయిరా దాంట్ల!" అన్నాను. వాడు కడుపు పట్టుకుని గోడకు జారగిలబడ్డాడు. చిన్నమ్మ నన్ను తిట్టాలో వాణ్ని కాపాడుకోవాలో తోచక, "ఇత్తడి గిన్నెలల్ల వండుకొని తినలేదా మన ముసలోళ్లు, ఏం గాదు లే" అని తనకు తానే చెప్పుకుంది.

చిన్నాయన అరుస్తాడనుకున్నాను. ఆయన లేచి, పులుసు గిన్నె, చాయ వడగట్టే జాలి తీసుకుని, "నా బండి సామాను నేనే దేవులాడుకుంట" అంటూ ఒక్కడే పెరట్లో నల్లా దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు వడపోశాడు. ఉల్లిగడ్డ ముక్కలు ఒక్కొక్కటీ కడిగాడు. చివరికి తిరిగొచ్చి అరచేయి చాపాడు. అందులో కుడివైపు గార్డు మెరుస్తోంది. "ఎడమది లేదు బిడ్డా."

అందరం తమ్ముడి వైపు చూశాం. ఆ తర్వాత రెండు రోజులు వాడి మీద పెట్టిన నిఘా వివరాలు రాయను, వాడిప్పుడు పిల్లల తండ్రి. దొరకలేదు.

ఎడమ గార్డును నేనే చేశాను. రేకు అంచున మిగిలిన చట్రాన్ని దారమంత సన్నగా కత్తిరించి, దబ్బనం చుట్టూ వంచి, నాలుగు ముక్కలు కలిపి అతికించాను. బుధవారం ఒకటి విరిగింది, గురువారం ఒకటి ఎగిరి ఎక్కడ పడిందో కనిపించలేదు. మూడోది నిలిచింది. నిలిచింది కానీ, కొంచెం లోపలికి వాలింది. "పీకి మళ్ల చేస్త చిన్నాయనా" అన్నాను. ఆయన ట్యాంకును కళ్ల ఎత్తుకు లేపి చూశాడు. "ఉండనీ. గట్లనే ఉండనీ" అన్నాడు. వెంట్రుకవాసికి మూడుసార్లు పీకించిన మనిషి! టైము లేదు కాబట్టి సర్దుకుపోయాడనుకున్నాను.

శుక్రవారం సర్దార్‌జీ దిగాడు. ఇద్దరూ వాకిట్లో ఎదురెదురుగా నిలబడ్డారు. చిన్నాయన అన్నట్టే ఇద్దరికీ మాట రాలేదు. చిన్నాయన లోపలికెళ్లి ట్యాంకు తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాడు. సర్దార్‌జీ దాన్ని తిప్పి చూస్తూ, ఇంజను జాలీ మీద వేలితో మెల్లగా రాసి, "అరే, యే తో అస్లీ హై" అన్నాడు. (అది నేను నాలుగుసార్లు అతికించిన జాలీ అని ఇంకోసారి మనవి.) ఆ వేలు ముందుకొచ్చి ఎడమ హెడ్‌లైటు దగ్గర ఆగింది. తర్వాత ఇల్లు దద్దరిల్లేలా నవ్వు, నవ్వులోనే కళ్లనిండా నీళ్లు.

"అరే యార్, యే భీ టేఢా బనాయా!"

ఇది కూడా వంకరగానే చేశావే అని ఆ నవ్వు. ఆ బండి చేతికొచ్చిన మొదటి ఏడాదే చిన్నాయన లంగరుఖానా గోడకు, అంటే పట్టాళం వంటశాల గోడకు, ట్యాంకును గుద్దాడట. ఎడమ గార్డు లోపలికి వంగిపోయిందట. దాన్ని ఎవరూ సరిచేయలేదట, పదకొండేళ్లూ ఆ బండిని దూరం నుంచి దాని వంకరతోనే గుర్తుపట్టేవారట. నేను తర్జుమా చేస్తుంటే చిన్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఒక్క గీత పడనియ్యలేదంటివి గదయ్యా?"

"గీత పడలే" అన్నాడు చిన్నాయన, మీసం దువ్వుతూ. "వంగింది."

సర్దార్‌జీ నా వైపు తిరిగి, బొమ్మను కింద పెట్టి మరీ నిటారుగా నిలబడి, "షాబాష్ బేటీ" అని సెల్యూట్ కొట్టాడు. ఆ తర్వాత వాళ్లిద్దరి మాటలు తెల్లారినా తెగలేదు.

ట్యాంకు ఇప్పటికీ గద్వాల ఇంట్లో అద్దాల పెట్టెలో ఉంది. రంగు పెచ్చు ఊడలేదు. విదేశాల్లో ఈ పని చేసేవాళ్లు ఇత్తడి రేకును వెనిగర్‌లో నానబెడతారని ఆ తర్వాత ఇంటర్నెట్‌లో చదివాను. చదివిన రోజే తమ్ముడికి ఫోన్ చేసి పావుగంట వాదించాను. ఇప్పుడు నాకు కళ్లజోడు లేకపోతే సూదిలో దారం ఎక్కదు. ఆ పెట్టె ముందు నిలబడి, ప్లక్కరు పట్టుకుని ఊపిరి బిగబట్టిన ఆ పిల్లను తలచుకుంటాను. నోరు అప్పుడూ ఎక్కువే, చెయ్యి మాత్రం ఎంత నిదానం!

ఈమధ్య పచ్చిపులుసుకు చింతపండు పిసుకుతుంటే ఒక అనుమానం తగిలింది. ఫ్యాక్టరీ గార్డయితే నిటారుగా నిలబడేది, వంకర వచ్చింది నేను చేత్తో చేసినందుకే కదా. అప్పట్నుంచీ గద్వాల వెళ్లినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను. చిన్నాయన మీసం దువ్వుకుని, "ఆ దినం పులుసు మంచిగుండె" అంటాడే తప్ప జవాబు చెప్పడు. గార్డు మింగాడని రెండు రోజులు నిఘా పెట్టినందుకు తమ్ముడికి నేను క్షమాపణ బాకీ ఉన్నానో లేదో ఆ జవాబుతోనే తేలాలి. అందుకే అందరూ వినేలా ఇక్కడే అడుగుతున్నాను. చిన్నాయనా, ఆ ఆదివారం నల్లా దగ్గర నీ చాయ జాలిలో దొరికింది నిజంగా ఒక్క గార్డేనా?