సార్డిన్ల ఊరికి బంగారు కిరీటం

నాకు ఉద్యోగం వచ్చింది. ముందు ఆ మాట చెప్పేయనివ్వండి, కడుపులో ఆగడం లేదు. మే నెలలో డిగ్రీ చేతికొచ్చింది. నాన్న వైపు గానీ అమ్మ వైపు గానీ కాలేజీ పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే. గ్రాఫిక్ డిజైన్. జూన్‌లో ఉద్యోగం, డబ్బాల మీద అంటించే లేబుళ్ళు గీసే కంపెనీలో. ఇంత మంచి కబురు రాద్దామని కూర్చుంటే చేతికి వస్తున్నది మాత్రం ఒక జెండా సంగతి. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మేముండేది మాసచూసెట్స్‌లో, సముద్రం పక్కన పాత బట్టల మిల్లులున్న ఊళ్ళో. మూడంతస్తుల చెక్క ఇల్లు. రెండో అంతస్తులో మేము, కింద ఇంటావిడ. ఆవిడ పెళ్ళయిన కొత్తలో పోర్చుగల్ నుంచి వచ్చింది. మా వీధిలో సగం మంది అక్కడివాళ్ళే. నేను ఆవిడని వోవో అంటాను, వాళ్ళ భాషలో అమ్మమ్మ అని. మేనత్త స్పాన్సర్ చేస్తే మేము ముగ్గురం ఇక్కడ దిగినప్పుడు నాకు పదేళ్ళు. అమ్మా నాన్నా పనికెళ్తే, స్కూలు నుంచి వచ్చి నేను కూర్చున్నది వోవో వంటింట్లోనే.

వాళ్ళకో క్లబ్ ఉంది. దాని హాల్లో గోడల నిండా జెండాలు. దేశానివి కావు, ఊళ్ళవి. మన చిన్న పంచాయతీల్లాంటి ఊళ్ళకి కూడా అక్కడ సొంత జెండా ఉంటుంది. మధ్యలో డాలు, డాలు మీద ఆ ఊరి బతుకు. ఒకదానికి తిరగలి, ఒకదానికి ద్రాక్ష గుత్తి, ఇంకోదానికి బావి. డాలు నెత్తిన కోటగోడ లాంటి కిరీటం, అడుగున రిబ్బన్ మీద ఊరి పేరు. వోవో ఊరిది నీలం జెండా: ఒక పడవ, దాని కింద రెండు సార్డిన్ చేపలు. వేసవిలో పండగ రోజున ఏ ఊరివాళ్ళు ఆ ఊరి జెండా పట్టుకుని హాలు నుంచి చర్చి దాకా నడుస్తారు.

వోవో ఊరి జెండాని ఇన్నేళ్ళూ ఆవిడ భర్త మోశాడు. కిందటి చలికాలంలో ఆయన పోయాడు. ఆ ఊరివాళ్ళు ఇక్కడ ఇంకెవరూ మిగల్లేదు. ఆవిడ మోయకపోతే ఊరేగింపులో ఆ ఊరు ఉండదు. "నేనే మోస్తా" అంది. కానీ జెండా చివికిపోయింది.

"ఫీల్యా," అని పిలిచింది నన్ను, కూతురా అన్నట్టు. "నువ్వు చదివింది ఇలాంటివి గీయడానికేగా? కొత్తది చేసిపెట్టు. అచ్చం ఇలాగే ఉండాలి."

అచ్చం ఇలాగే. ఆ మాట వినపడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు.

మా నాన్నకి గుంటూరు దగ్గర ఫ్లెక్సీల షాపు ఉండేది. ఇప్పుడు వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు గానీ చూపు ఇంకా ఫ్లెక్సీ చూపే. నేను పాకింది ఆ షాపు నేల మీదే. వార్డు మెంబరు పుట్టినరోజైనా సరే, వెనక సింహం, నెత్తిన కిరీటం, చుట్టూ మెరుపులు ఉండాల్సిందే. ఫొటో చిన్నదైందని షాపు మీదికి గొడవకొచ్చినవాళ్ళున్నారు. ఎక్కువైందని వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు.

లాప్‌టాప్‌లో జెండా చూపిస్తే నాన్న మూతి విరిచాడు.

"ఏందే ఇది, కిరీటం ఇంత బోడిగా ఉంది? మూడు బురుజులేనా?"

"పాతదాంట్లో అంతే నాన్నా."

"పాతది వెలిసిపోయి చచ్చింది, దాన్నేం చూస్తావ్. పెద్దావిడ మొదటిసారి మోస్తంది, కాస్త ఘనంగా ఉండొద్దా? ఐదు పెట్టు. ఆ తెలుపేంది, బంగారం వెయ్యి."

"ఓవర్ అవుతుందేమో?"

"మర్యాద చెయ్యడంలో ఓవర్ ఏందే!"

పొయ్యి దగ్గర్నుంచి అమ్మ అంది, "ఆవిణ్ణి ఒక్క మాట అడగరాదూ? కిందే ఉందిగా."

"సర్‌ప్రైజ్ అమ్మా!"

నాన్న మీదికి తోసేయాలని ఇది రాయడం లేదు. షాపు ఆయనది, పట్టా నాది. బురుజులు ఐదు చేసింది నేను, బంగారం పూసింది నేను. అంతటితో ఆగకుండా చేపల పొలుసులకి మెరుపు కూడా దిద్దాను. ప్రింటయి వచ్చాక చూసుకుని మురిసిపోయాను.

పండగనాడు పొద్దున హాలంతా జనం. వోవో నల్ల గౌను వేసుకుని, భర్త తోలు పట్టీని భుజానికి తగిలించుకుని నిలబడింది. జెండా కర్ర అడుగు దాంట్లో ఆనించి మోయాలి. అమ్మ పట్టుచీర కట్టుకుంది. నాన్న పులిహోర ట్రే పట్టుకున్నాడు. నేను కొత్త జెండాని కర్రకి తొడిగి ఒక్కసారిగా విప్పాను.

ఎవరో కిసుక్కుమన్నారు. పోర్చుగల్‌లో వోవో వాళ్ళ పక్క ఊరి నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు ఆ గుంపులో ఉన్నాడు. ఏటా వోవో భర్తని, అదే మా తాతయ్యని, ఆటపట్టించేది ఆయనే. ముందుకొచ్చి, టోపీ తీసి, నడుం దాకా వంగి జెండాకి దండం పెట్టాడు.

"రాజధానిని మీ ఊరికి ఎప్పుడు మార్చారమ్మా? మాకు కబురే లేదు!" అన్నాడు, నాకూ అర్థం కావాలని ఇంగ్లీషులోనే.

"దేశం ప్రెసిడెంటు గారు ఇప్పుడు ఆ పడవలోనే కాపురమా?" అని వెనక నుంచి ఇంకొకాయన.

"ఉష్, నెమ్మది. ఆ చేపలు మంత్రులు!"

హాలంతా నవ్వు. మెచ్చుకుంటున్నారనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. నేనూ నవ్వుతూ, "థాంక్యూ! నేనే డిజైన్ చేశాను! నాకు జాబ్ కూడా వచ్చింది!" అని అరిచాను. వారం నుంచి ఆ హాల్లో చెప్పాలని దాచుకున్న కబురు అది.

నవ్వు ఇంకా పెరిగింది. అప్పుడు చూశాను వోవో మొహం. ఆవిడ జెండా వంక చూడటం లేదు. చేతులు తోలు పట్టీ మీద ఉన్నాయి, చూపు నేల మీద.

పెద్దాయన నవ్వు ఆపాడు. నా మొహం చూసి జాలి కలిగినట్టుంది. "పాపా, గోడ వంక చూడు," అన్నాడు. "మూడు బురుజులుంటే పల్లె. నాలుగుంటే టౌను, మాది టౌనే, గుర్తుపెట్టుకో. ఐదుంటే సిటీ. అన్నీ వెండివే, జెండా మీద వెండి అంటే తెలుపే. బంగారం లిస్బన్ ఒక్కదానికే."

గోడ వంక చూశాను. ఎన్ని పుట్టినరోజుల కేకులు తిన్నాను ఆ జెండాల కింద! కాలేజీలో రంగుల మీద ఒక కోర్సు, గుర్తుల మీద ఒక కోర్సు చదివాను. ఈ గోడ మీద కిరీటాలన్నీ ఎందుకు తెల్లగా ఉన్నాయని ఒక్కనాడూ అడగలేదు. వెండిని పట్టుకుని వెలిసిన బంగారం అనుకున్నాను.

"పాతదెక్కడ?" అంది వోవో మెల్లగా.

పాతది మడతపెట్టి ఇంట్లో పెట్టాను. నేను కదిలేలోపే నాన్న పులిహోర ట్రే ఎవరి చేతుల్లోనో పెట్టేసి కారు తాళాలు తీశాడు. నా వైపు చూడలేదు, వోవో వైపు అసలే చూడలేదు. "ఇప్పుడే తెస్తానండీ," అని తెలుగులోనే ఎవరికో చెప్పి పరిగెత్తాడు.

బయట బ్యాండు మొదలైంది. ఒక్కొక్క ఊరూ గుమ్మం దాటుతోంది. కొత్త జెండా ఊడదీసిన ఖాళీ కర్ర పక్కన వోవో, అమ్మ, నేను నిలబడ్డాం. "సారీ వోవో" అన్నాను. ఆవిడ తోలు పట్టీ సర్దుకుని గుమ్మం వంక చూసింది. ఆ మాట అన్నందుకు ఇంకా సిగ్గేసింది.

నాన్న వగరుస్తూ వచ్చాడు. జెండాని కర్రకి ఎక్కిస్తే చివికిన అంచు చిరిగి వేలాడింది. అమ్మ తన భుజం మీద పైట మడతలకి పెట్టుకున్న పిన్నీసులు తీసి, ఆ అంచుని దగ్గరకు లాగి, లోపలి వైపు నుంచి గుచ్చింది. చర్చి దాకా ఒక చేత్తో జారిపోయే పైట పట్టుకునే నడిచింది.

అందరికన్నా చివర వోవో నడిచింది. మూడు వెలిసిన బురుజులు, ఒక పడవ, రెండు చేపలు. ఎత్తు ఎక్కేటప్పుడు ఆవిడ చేతుల్లో కర్ర ఓ పక్కకి ఒరిగింది. నేను పట్టుకుంటానని అడిగే మొహం నాకు లేదు. ముందు నడుస్తున్న పెద్దాయన వెనక్కి చూసి అడుగు నెమ్మది చేశాడు. దాంతో ఊరేగింపంతా ఆవిడ నడకకి తగ్గింది.

తర్వాత మళ్ళీ చేశాను. ఈసారి ప్రింటుకి పంపేముందు లాప్‌టాప్ పట్టుకుని కిందికి వెళ్ళాను. వోవో కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో బురుజునీ వేలితో తాకి చూసింది. చేపల మెరుపు చూసి, "ఇదేంటి, చేపలకి జ్వరమా?" అంది. తీసేశాను. ఆ జెండా ఇప్పుడు హాల్లో ఉంది.

బంగారు కిరీటం జెండాని పారేస్తానంటే ఇవ్వలేదు. తన వంటింట్లో బల్ల పైన గోడకి కొట్టింది.

"వద్దు వోవో, ప్లీజ్. చూస్తే సిగ్గేస్తుంది."

"నీ కోసం పెట్టానా ఏంటి? ఇది మా ఆయనకి. మా ఊరు లిస్బన్ కన్నా పెద్దదని చచ్చేదాకా వాదించాడు మహానుభావుడు. హాల్లో అందరూ నవ్వేవాళ్ళు. ఇక్కడ ఎవరు నవ్వుతారు?"

ఉద్యోగంలో చేరే ముందు రోజు చెప్పడానికి వెళ్ళాను. జెండాకి వీపు పెట్టి కూర్చున్నాను. ఆవిడ కాఫీ తెచ్చి, కప్పుని బల్లకి అటువైపు పెట్టింది.

"అటు కాదు ఫీల్యా. ఇటొచ్చి కూర్చో."

లేచి అటు వెళ్ళి కూర్చున్నాను. ఐదు బురుజులూ ఎదురుగా ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పు," అంది. "ఆ రోజు హాల్లో ఏదో ఉద్యోగం అన్నావు, ఆ నవ్వుల్లో నాకు సరిగ్గా వినపడలేదు."