ఖాళీగా ఉండాల్సిన వరస

మహాలయ అమావాస్య పొద్దున ఓడరేవు పక్కనున్న మా డాకు బస్తీ అంతా గంగ ఘాట్ మెట్ల మీదే ఉండేది, పోయినవాళ్ళకి నీళ్ళు వదలడానికి. బస్తీ పెద్దాయన ఒక గీతల పుస్తకం పట్టుకుని చదివేవాడు. ఎడమ వైపు పోయినవాళ్ళ పేరు, దానికెదురుగా కుడి వైపు నీళ్ళు వదిలేవాళ్ళ పేరు. వదిలే దిక్కు లేనివాళ్ళకి కుడి వైపు ఖాళీ. వాళ్ళకి పెద్దాయనే వదిలేవాడు.

ఎడమ వైపు ఖాళీ ఉన్నది ఒక్క వరసలోనే. అది మా పక్కింటి పిన్నిది. ఆమె మొగుడు పదకొండేళ్ళ కిందట డాకులో డ్యూటీకని వెళ్ళి మళ్ళీ రాలేదు. శవమూ దొరకలేదు, కబురూ లేదు. ఉన్నాడో లేడో తెలియని మనిషి పేరు ఘాట్ మీద చదవకూడదని మావాళ్ళ పట్టింపు. అక్కడికొచ్చేసరికి పెద్దాయన కాసేపు ఆగి, కొడుకు పేరు మాత్రం పిలిచేవాడు. ఆ కుర్రాడు ఎవరికని చెప్పకుండా నీళ్ళు వదిలేవాడు. పిన్ని ఇంత బొట్టు పెట్టుకుని పక్కనే నిలబడేది.

నేనప్పుడు ఒక డీటీపీ షాపులో పనిచేసేదాన్ని. పుస్తకం చీకిపోయిందని ఆ ఏడు అచ్చు వేయిద్దామన్నారు. ఇక్కడి బంగ్లా బడుల్లో చదివిన ఈ తరానికి తెలుగు చదవడం రాదు కదా, పేర్లన్నీ బంగ్లా లిపిలో ఎవరో టైపు చేసి ఫ్లాపీ తెచ్చారు. రెండు వైపులకీ మధ్య దూరమంతా స్పేస్ కొట్టి నింపిందే. పేజీలోకి ఎక్కించగానే పేర్లన్నీ గుంపులో తోసుకున్నట్టు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గంటలో సరిచేశాను, నా పనితనానికి నేనే మురిసిపోయాను. వరస మొదట్లో ఉన్న ఖాళీని మిషను పనికిరాదని తీసేసిందనీ, పిన్ని కొడుకు పేరు ఎడమ వైపుకి జరిగిందనీ నేను చూడలేదు. చూస్తే కదా!

ఘాట్ మీద పెద్దాయన ఆ పేరు చదివాడు. మావాళ్ళు తాత పేరే మనవడికి పెడతారు, ఆ పేరున్న ఏ ముసలాయనో అనుకుని ఆయనకి అనుమానం రాలేదు. ఎదురుగా ఖాళీ చూసి, దిక్కులేనివాడు కాబోలని వంగి తనే నీళ్ళు వదిలేశాడు. తన పేరు విని ముందుకొచ్చిన కుర్రాడు దోసిట్లో నీళ్ళతో అలాగే నిలబడిపోయాడు.

ఆ వారమంతా ఆమె కొడుకుని పనికి పంపలేదట. వాడు కునుకు తీస్తే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదట. తర్వాత ఒక మధ్యాహ్నం ఆ పేరున్న అచ్చు కాగితం మడిచి పట్టుకుని షాపుకొచ్చింది, కొడుకుని కుడి వైపుకి మార్చమంది. మార్చాను. సేవ్ చేసి తెరిస్తే మళ్ళీ ఎడమకే వచ్చాడు. మూడుసార్లు అలాగే అయింది. చివరికి, ఖాళీ నిలవదు పిన్నీ, అక్కడ ఏదో ఒకటి ఉండాలి అన్నాను. ఒక చుక్క పెట్టనా అని కూడా అడిగాను.

ఆమె తెర మీద ఎడమ వైపు వేలు పెట్టింది.

"సుక్క ఎడితే అదెవులని సదువుతారు? మా మావ పేరే ఎట్టీ, పాపా. నా గుంటడు మాత్రం ఇటేపు రాకూడదు."

ఎడమ వైపు ఆమె మొగుడి పేరు పెట్టాను. వరస కదలకుండా నిలబడింది. మరుసటేడు మహాలయకి ఆమె నుదుటి మీద బొట్టు లేదు.

రెండేళ్ళకి షాపులో చేరిన కొత్త ఆపరేటర్ మాటల్లో చూపించాడు. రెండు కీలు కలిపి నొక్కితే మిషను తీసేయలేని ఖాళీ పడుతుందట. అంతే. నా చేతకానితనం వల్ల ఆమె విధవ అయింది. ఆ సంగతి ఈనాటికీ ఆమెకి చెప్పలేదు, చెప్పే మొహం లేదు.

ఇప్పుడు ఘాట్ మీద ఆయన పేరు గట్టిగా చదువుతారు. చదివినప్పుడల్లా, జనంలోంచి ఎవరో "ఏటి?" అని పలుకుతారేమోనని వెనక్కి తిరిగి చూస్తాను. పిన్ని కూడా చూస్తుంది.