సొరపువ్వు నిఖాకు ఇద్దరు సాక్షులు

తెల్లాపూర్‌లో మా మనవరాలి ఫ్లాటు తొమ్మిదో అంతస్తులో ఉంది. బాల్కనీలో పెద్ద టబ్బు పెట్టి సొరతీగ పాకించింది. నిన్న దీపాలు పెట్టే వేళ అక్కడ కూర్చుంటే తెల్లని పువ్వులు ఒక్కొక్కటే విచ్చుకోవడం మొదలుపెట్టాయి. ఆ పచ్చి వాసన, చేతికి తగిలిన ఆకు మీది మెత్తటి నూగు... అంతే, చాంద్‌బీ ఖాలా గుర్తొచ్చి పైకే నవ్వేశాను. "పిందెలన్నీ పసుపెక్కి రాలిపోతుంటే నీకు నవ్వొస్తోందా అమ్మమ్మా?" అని కసిరింది మనవరాలు. అంత ఎత్తుకు రెక్కల పురుగులు ఎక్కడొస్తాయి పాపం!

యాభైల చివర పటాన్‌చెరు బడిలో నాకు మొదటి ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళ వయసు, చేతిలో ట్రైనింగ్ సర్టిఫికెట్టు, దానికి రెండింతలు గర్వం. చాంద్‌బీ ఇంట్లో వాకిలి పక్క గది కిరాయికి తీసుకుని, ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేదాన్ని. భర్త పోయాక బట్టలు కుట్టి ఒక్కగానొక్క కూతురు మున్నీని పెంచిన మనిషి ఆమె. ఆ ఏడు మున్నీకి సంగారెడ్డి సంబంధం ఖాయమైంది. పప్పులో మాంసం, సొరకాయ ముక్కలు వేసి వండే దాల్చా లేకుండా వాళ్ళలో పెళ్ళి దావత్ ఉండదు. ఖాలా ఊరుకోవచ్చు కదా! "దాల్చాకు కాయ బయటకెళ్లి తెచ్చేది లేదు, అంత మా పందిరిదే" అని వియ్యపురాలి ముందు గొప్పలు పోయింది. ఆవిడ ఓ నవ్వు నవ్వి, "చూస్తంగా" అని లేచి వెళ్ళింది. ఆ ఒక్క మాటతో ఖాలాకు నిద్ర కరువైంది.

పెళ్ళి ఐదు వారాలుందనగా పెరట్లో సొరతీగ విరగబూసింది. కానీ బొటనవేలంత పిందెలు రోజూ పసుపెక్కి రాలిపోతున్నాయి. పొద్దున్నే వాటిని కొంగులో ఏరుకుంటూ, "పక్కింటి మల్లమ్మ కండ్లు పడ్డయి పంతులమ్మా. మొన్న గోడకాడ నిలబడి 'అబ్బ, ఎంత పూసిందే' అన్నది గాదు?" అని కుమిలిపోయేది ఖాలా. ఇరవై ఏళ్ళుగా ఆ గోడ మీదుగా మజ్జిగ గిన్నెలు అటూ ఇటూ తిరిగేవట. అవి ఆగిపోయాయి. నేనేమో సానుభూతిగా తలూపాను. నా తలకాయ!

ఎందుకంటే, ఆ వారం బడిలో నేను చెబుతున్నది పువ్వు భాగాల పాఠం. ప్రతి పిల్ల చేతిలోనూ ఒక పువ్వుండాలని నా పట్టుదల. రోజుకొక వరుస పిల్లలకు పంచేదాన్ని. రెండు పువ్వులు కోసుకుంటానని ఖాలాను అడిగితే "కోస్కో" అంది. ఆ రెండు ఎప్పుడు పదయ్యాయో, పన్నెండయ్యాయో నాకే తెలియదు. ఆమె సాయంత్రం నమాజులో ఉండగా గ్లాసు నిండా కోసి నా గదిలో పెట్టుకునేదాన్ని. సొరపువ్వు బతుకు ఒక్క రాత్రే కాబట్టి తెల్లారి కనిపించకపోయినా ఆమెకు అనుమానం రాలేదు. పైగా నా తెలివి చూడండి, కింద పిందె ఉన్న పువ్వు జోలికి పోలేదు. పొడుగాటి కాడ మీద ఊరికే నిలబడ్డవాటినే, ఎందుకూ పనికిరానివని, ఒక్కటీ వదలకుండా తెంపాను.

చివరి రోజు, "పుప్పొడి కీలాగ్రం మీద పడితేనే పిందె నిలిచి కాయ అవుతుంది" అని నేను చెబుతుంటే పిల్లలు వల్లిస్తున్నారు. రెండోసారి అనబోయి ఆగిపోయాను. నా వేళ్ళ నిండా పసుప్పచ్చటి పొడి. పిల్లలు మాత్రం ఆపకుండా వల్లిస్తూనే ఉన్నారు.

నోరు మూసుకుని పువ్వులు కోయడం మానేస్తే సరిపోయేది, తీగ దానంతట అదే కాసేది. కానీ మల్లమ్మ ముఖం కళ్ళముందు ఆడింది. ఇంటికొచ్చి, కుట్టుమిషను ముందు కూర్చున్న ఖాలాతో, "పిందె లేని పువ్వులన్ని నేనే తెంపిన ఖాలా. మల్లమ్మది ఏం తప్పు లేదు" అనేసి ఏడ్చేశాను. ఖాలా మిషను ఆపింది. గది ఖాళీ చేయమంటుందనుకున్నాను. నా వంక అలాగే చూసి చూసి, పడీపడీ నవ్వింది. "మొగపువ్వులన్నిట్ని బడికి తోల్కపోతివి. ఇగ పిందెలు ఎవర్ని చేసుకోవాలె పంతులమ్మా?"

ఆ సాయంత్రమే నిఖా పెట్టింది. "ఇద్దరు గవాహీలు ఉండాలె, ఉత్తగనే అయితదా?" అంటూ నన్నూ మున్నీనీ సాక్షులుగా పందిరి కింద నిలబెట్టింది. మొగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, "గీడు దుల్హా" అంది. పిందె ఉన్న పువ్వు దగ్గర వంగి, "కబూలేనా బిడ్డా?" అని అడిగింది. గాలికి పువ్వు కదిలింది. "తలూపింది, సూసినవా!" పుప్పొడిని మెల్లగా అద్ది, కాడకు ఎర్ర దారం వదులుగా చుట్టింది, ఏ పిందెకు పెళ్ళయిందో తెలియడానికి. పెళ్ళికూతురు మున్నీ నోట్లో దుపట్టా కుక్కుకుని నవ్వింది.

నాలుగు రోజులకు దారం కట్టిన పిందెలు కిందికి వంగి లావెక్కాయి. మొదటి కాయ కోసి ఖాలా నా చేతిలో పెట్టింది. "మల్లమ్మకు ఇచ్చి రా. ఎందుకో గూడ నువ్వే జెప్పు." చెప్పాను. మల్లమ్మ కాయను చంకలో పెట్టుకుని గోడ మీదుగా అరిచింది, "చాంద్‌బీకి నోరు లేదా?" ఇవతలి నుంచి జవాబు, "ఉన్నదే, సిగ్గయితున్నది!" మర్నాడే మజ్జిగ గిన్నె గోడ దాటింది. పెళ్ళిలో వియ్యపురాలు దాల్చా మళ్ళీ వడ్డించుకుంటుంటే ఖాలా మెత్తగా, "చూసిండ్రుగా?" అంది. అది చెప్పాల్సిన పని లేదు, కానీ ఖాలా కదా!

ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళు పాఠం చెప్పాను. పువ్వు పాఠానికి మాత్రం పిల్లల్నే తీగ దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. ముందు నా తప్పు చెప్పి, తర్వాత కేసరాల సంగతి చెప్పేదాన్ని. పిల్లలకు నా తప్పే బాగా గుర్తుండేది.

నిన్న కుట్టుపెట్టె వెతికి ఎర్ర దారం తీశాను. మొగపువ్వు రేకులు ఒలిచి మనవరాలిని పిలిచాను. "పుప్పొడి అద్దడానికి నేనెందుకమ్మమ్మా, మీటింగులో ఉన్నాను" అంది.

"గవాహీ లేకుండ నిఖా ఏందే? జల్దీ రా!"

ఆ గొంతు నాది కాదు. మనవరాలు చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీసేసి, నవ్వుతూ వచ్చి నా కుడి పక్కన నిలబడింది. ఎడమ పక్కన కుర్చీ జరిపి, ఇంకో మనిషికి చోటు చేశాను.