కొట్టేసిన జవాబులో లోతు సముద్రపు చేప

అశోక్‌నగర్‌లో నాది జిరాక్స్ దుకాణం. గ్రూప్స్‌కు చదివే పిల్లలు నోట్సు కాపీలకు వస్తారు. మిషన్ వేడెక్కేదాకా వాళ్లు పక్క దుకాణానికి పోకుండా నేను కోతలు కోస్తుంటాను. హుస్సేన్‌సాగర్‌లో ఒకప్పుడు తిమింగలం ఉండేదనీ, దాని వెన్నెముక చూసే నారాయణగూడ ఫ్లైఓవర్‌కు వంపు గీశారనీ చెప్పాను. చూసినవాణ్ణి నేనే.

నాకు తెలియకుండా పిల్లలు ఒక పద్ధతి కనిపెట్టారు. పరీక్షలో నాలుగు జవాబులుంటే, నా నోట విన్నదాన్ని ముందు కొట్టేయడం. మిగిలేవి మూడే. చాలాకాలం ఎదురులేకుండా పనిచేసిందట.

వాళ్లలో మహబూబ్‌నగర్ వైపు అమ్మాయి ఒకతె. అమ్మానాన్నలు కవాడిగూడలో కట్టడం పనికి పోతారు. చిక్కడపల్లిలో ఒక కోచింగ్ సారు పరీక్ష పెట్టి కొద్దిమందికి ఉచితంగా చదువు చెబుతాడు. ఆ సీటు రాకపోతే ఆమె కూడా పనికి పోవాల్సిందే.

పరీక్షకు రెండు రోజుల ముందు ఎవరిదో పుస్తకం కాపీ తీస్తూ ఒక పేజీ చదివాను. సముద్రం అడుగున, వెలుతురు చొరని చలిలో, కొన్ని చేపలు ఇరవై ముప్పై ఏళ్లు వస్తే గానీ గుడ్లు పెట్టవట. ఒక్కసారి వలలతో ఊడ్చేస్తే ఆ జాతి తేరుకోవడం కష్టమట. పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పి, చివర్లో ఊరుకోలేక, "మీ లెక్కనే, ముప్పై దాటినా సంసారం లేదు" అన్నాను. అందరితోపాటు ఆమె కూడా నవ్వింది.

సీటు ఒక్క మార్కుతో పోయింది. ప్రశ్నాపత్రం తెచ్చి మిషన్ మీద పరిచింది. లోతు సముద్రపు చేపలను ఊడ్చేస్తే ఎందుకు తేరుకోవన్న ప్రశ్న మీద వేలు పెట్టింది.

"అంకుల్, గా చేప ముచ్చట నిజమేనా?"

"నిజమే బిడ్డా."

"లేటుగ గుడ్లు పెడ్తయన్న జవాబు మీరు చెప్పిన్రని కొట్టేసిన. నీళ్ల ఒత్తిడి అని పెట్టిన."

తిట్టి ఉంటే బాగుండేది. షట్టర్ దించి ఆ సారు దగ్గరికి వెళ్లాను. తప్పు నాదని, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వి, చాయ్ తాగించి, "ఇది మస్తుంది అన్నా, గీ కథ రేపు క్లాసుల చెప్త" అన్నాడు. ఇంకొన్ని సీట్లకు నెల తర్వాత ఇంకో పరీక్ష ఉందని మాత్రం తెలిసింది.

ఆ సంగతి చెబితే ఆమె నాకు శిక్ష వేసింది. "రోజు పొద్దుగాల గంట సేపు పర్యావరణం పుస్తకం మీరు చదవాలె. మీ నోట విన్నది మర్చిపోను. కాని ఒక్క మాట కలపొద్దు."

చదువుతున్నాను. నాలుక దురద పెడుతున్నా ఓర్చుకుంటున్నాను. నిన్న ఒక నత్త వచ్చింది. హిందూ మహాసముద్రం అడుగున, మరిగే ఊటల పక్కన, అదీ కొన్ని చోట్లే ఉంటుందట. కాలికి ఇనుము పట్టిన పొలుసులట. అక్కడ లోహాల కోసం తవ్వితే ఇక ఉండదట.

ఆమె పెన్ను ఆపింది. "అంకుల్."

పుస్తకం ఆమె వైపు తిప్పాను. రెండుసార్లు చదువుకుని రాసుకుంది.